అన్న లేచి వెళ్లిన గది

మూడేళ్లుగా అన్న గోడ అవతల ఉన్నాడనుకున్నాను, అసలు ఇంట్లోనే లేడట. ఆక్లండ్ నుంచి ఫాతై వదిన ఫోన్ చేసి పావుగంట మాట్లాడి పెట్టేసింది, అప్పటినుంచి నేను చాప మీద అలాగే పడుకుని ఉన్నాను. ఆదివారం భోజనాలు అయిపోయాయి. పొద్దున గుంతపొయ్యిలో పెట్టిన చామాకు పొట్లాలు, పెండలం, కొబ్బరిపాలలో ఉడికిన మాంసం అన్నీ కడుపుల్లో చేరాయి, ఊళ్లో ఎవరికీ లేచే ఓపిక లేదు. నా భర్త ఫెలేతి గాలి తగిలే చోటు చూసుకుని గుమ్మం దగ్గర వెల్లకిలా పడుకుని గురక పెడుతున్నాడు. చర్చికి మర్యాదగా నడుముకి చుట్టుకున్న చాప విప్పి తలకింద పెట్టుకున్నాడు. అలా పెట్టుకోవద్దని ప్రతి ఆదివారం చెబుతాను, అంచులు నలుగుతాయి. నాలుగు గంటల ప్రార్థనకి మొదటి గంట మూడున్నరకి కొడతారు. ఇప్పుడు రెండున్నర. ఈలోగా నేనొకటి తేల్చుకోవాలి, ఎందుకంటే చర్చి గుమ్మంలోనే టెలేసియా నా చెయ్యి పట్టుకుని ఫోటో పెట్టావా అని అడుగుతుంది. ఎక్కడ పెట్టాలో తేలలేదంటే ఆవిడకి అర్థం కాదు. ఎక్కడేమిటి, అందరూ ఉన్నచోటే కదా, ఫేస్‌బుక్‌లో, అంటుంది.

ఫోటో శుక్రవారం సాయంత్రం తీసింది. నిన్న కెమెరాలోంచి ఫోన్లోకి దించాను, అప్పటినుంచి ఇరవైసార్లు చూసి ఉంటాను. యాభై అడుగుల నారబట్ట, ఏడుగురు ఆడవాళ్ల రెండు నెలల పని. బెరడు ఒలిచి, నానబెట్టి, దుంగ మీద పరిచి కొయ్యసుత్తులతో కొట్టికొట్టి పలచన చేసి, ఆ పట్టీలన్నీ దుంపజిగురుతో అతికి, అచ్చుల మీద పరిచి రంగు రుద్దాలి. ఊరంతా వినపడే పని. వారంలో ఆరు రోజులు ఆ టకటకలు చెవుల్లో ఉంటాయి కాబట్టే ఆదివారం ఇంత నిశ్శబ్దంగా ఉంటుంది. శుక్రవారం ఆఖరి పట్టీ అతికి, రంగు పులిమి, ఇక చేతులు కడుక్కుందామని లేస్తుంటే పక్కజల్లు కొట్టింది. రేకుల షెడ్డుకి పడమటివైపు గోడ లేదు. రంగు ఆరలేదు, చుక్క పడితే మచ్చే. ఏడుగురిలోకీ పెద్దది టెలేసియా, అరవై దాటింది, ఒక్క క్షణం ఆలోచించకుండా ఒంటి మీది లుంగీ విప్పి, లోపావడాతో నిలబడి, దాన్ని బట్ట అంచుకి తెరలా పట్టింది. పడుతూ ఒక మాట అంది. మొగుడి గురించి, వాళ్ల పెళ్లినాడు కూడా ఇలాగే వాన పడడం గురించి. ఆ మాట నేను మనసులో కూడా అనుకోను, ఆదివారం. మిగతావాళ్లు లుంగీలు పైకి దోపుకుని బట్టకి అడ్డంగా మోకాళ్ల మీద వంగి ఉన్నారు, మోచేతుల దాకా గోధుమరంగు, నోళ్లు బార్లా తెరిచి నవ్వు. ఒకామెకి ముందుపళ్లు లేవు, ఎప్పుడూ చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే మనిషి, ఆ రోజు రెండు చేతులూ ఖాళీ లేవు. నేను తీసినవాటన్నిటిలోకి ఇదే మంచిది. ఇంకెవరూ చెప్పనక్కర్లేదు, నాకు తెలుసు. కుడివైపు అంచు మాత్రం కొంచెం చెదిరింది, నవ్వుకి నా చెయ్యి కదిలింది.

"పెట్టెయ్ టీచరమ్మా," అంది టెలేసియా కెమెరా తెరలో చూసుకుని. "నా మోకాళ్లు ఇంకా బాగానే ఉన్నాయి. సిడ్నీలో ఉన్న మా అక్కచెల్లెళ్లు కుళ్లుకుని చావాలి."

"సిగ్గు లేదూ నీకు?" అన్నారెవరో.

"ఎవరి ముందు సిగ్గు? నా అన్నదమ్ములు ముగ్గురూ మట్టిలో ఉన్నారు."

అందరూ మళ్లీ నవ్వారు. నేనూ నవ్వాను. మాలో ఇలాంటివి అన్నదమ్ముల కంటా చెవినా పడకూడదు. నా అన్న మట్టిలో లేడు, ఆక్లండ్‌లో ఉన్నాడు, అయినా ఫర్వాలేదు, ఫేస్‌బుక్‌లో నేను కనబడకుండా గోడ కట్టుకున్నాడు, అనుకున్నాను. శుక్రవారం అలా అనుకున్నాను. ఈ మధ్యాహ్నం ఫాతై వదిన ఫోన్ చేసి, తిన్నారా, పడుకున్నారా అని కూడా అడగకుండా, "వదినా, మీ అన్న నిన్న పెట్రోలు బంకులో ఏడ్చాడు," అంది. బంకులో మా ఊరివాడెవడో కనిపించి, లిసియాటే మట్టికి నువ్వు రాలేదేం, అన్నాడట. లిసియాటే అన్నతోపాటు బడిలో ఉన్నవాడు, ఒకే జట్టులో రగ్బీ ఆడారు, ఆటలో ఒకడి భుజం కింద ఇంకొకడు తల పెట్టి ఐదేళ్లు నెట్టారు. బ్రిస్బేన్‌లో పోయాడు, పూడ్చి పన్నెండు రోజులైంది. పోయిన సంగతి, ప్రార్థనలు, పాటలు, శవపేటిక మీద పరిచిన బట్టలు, అంతా ఫేస్‌బుక్‌లో ఊరి గ్రూపులో నడిచింది. అందరికీ తెలుసు కాబట్టి అన్నకీ తెలుసనుకున్నాం. ఎవరూ వేరే చెప్పలేదు.

"నువ్వెందుకు చెప్పలేదు?" అన్నాను వదినతో.

"నేను అందులో పెళ్లిళ్లు చూస్తాను, కేకులు చూస్తాను. రగ్బీ వాళ్లు ఉన్నారో పోయారో నాకేం తెలుసమ్మా, ముసలాళ్ల ఆశ్రమంలో పన్నెండు గంటలు నిలబడి వచ్చేదాన్ని."

"మరి అన్న చూడలేదా?"

"ఎక్కడ చూస్తాడు? అకౌంటు ఉంటేగా? నువ్వు అందులోకి వచ్చిన వారమే మూసేశాడు." ఆవిడ గొంతు తగ్గించింది. "నీకు తెలీదా?"

"నాకు కనబడకుండా చేసుకున్నాడనుకున్నాను."

"అయ్యో పిచ్చిమొహమా. గోడ కడితే నువ్వు కనబడవు, నీ ఫోటోలు కనబడవా? ఒకడు తెచ్చి ఊరి గ్రూపులో పెడతాడు, ఇంకొకడు పంచుతాడు, మూడోవాడు కింద ఏదో కూస్తాడు. చెల్లెలు తీసిన ఫోటో కింద ఆ కూతలు చూస్తూ ఏ మొహం పెట్టుకుని కూచుంటాడు? లేచి వచ్చేశాడు."

"మూడేళ్లయింది. ఒక్కసారైనా చెప్పావా?"

"అడిగావా? పాతికేళ్లుగా మీ అన్నాచెల్లెళ్లకి నేను తపాలా బంట్రోతుని. ఇచ్చిన ఉత్తరమే మోస్తాను, ఇవ్వనిది మొయ్యను. ఇవాళ ఎందుకు చెప్పానంటే, ఆ మనిషి నిన్నటినుంచి కారులో కూచుని ఉంటున్నాడు, ఇంట్లోకి రాడు. నేను చెప్పానని మాత్రం అనకు, నీకు పుణ్యముంటుంది."

పాపం, పుణ్యం సంగతి తర్వాత. కారులో కూచుని ఉన్నాడు. మా అన్న సితివేనికి బాధేసినప్పుడు ఇంట్లో ఉండడు, చిన్నప్పటినుంచీ అంతే, బాధ ఉన్నా లేకపోయినా బయటే ఉండేవాడు. నాకు పదకొండు, వాడికి పన్నెండు వచ్చిన ఏడాది నాన్న పెరట్లో పందుల దడి పక్కన కొబ్బరాకులు కప్పి ఒక గుడిసె వేశాడు. మగపిల్లలు పడుకోవడానికి. ఆ రోజు అన్న తన దుప్పటి, రెండు చొక్కాలు, ఒక బంతి పట్టుకుని వెళ్లిపోయాడు. ముప్ఫై అడుగుల దూరం. మర్నాటినుంచి ఇంట్లోకి రావాలంటే మెట్టు దగ్గర ఆగి దగ్గేవాడు. జలుబు లేదు, ఏం లేదు. నేను ఎలా కూచుని ఉన్నానో, ఏం మాట్లాడుతున్నానో, సర్దుకోవడానికి ఆ దగ్గు. అమ్మ నన్ను చూసేది, నేను లంగా సర్దుకునేదాన్ని, అప్పుడు వాడు వచ్చి తల దించుకుని గిన్నె తీసుకుని వెళ్లిపోయేవాడు. ఫోన్లో దగ్గి లోపలికొచ్చే ఏర్పాటు లేదు. ఎవడు ఎప్పుడు వచ్చాడో, ఎవడు చూసి పోయాడో తెలీదు, అంతా ఒకే గది, తలుపు తీసే ఉంటుంది. చర్చి హాల్లో ఒకసారి వీడియో వేశారు, డబ్బా టీవీలో, ఊరంతా వచ్చింది. ఎవరో ఇద్దరు తెల్లవాళ్లు ఒకరి మొహం మీదికి ఒకరు వంగుతున్నారు, ఏం జరగబోతోందో అందరికీ తెలుసు, అన్న లేచాడు. బయట వాన. ఆ వానలో చూరు కింద కూడా నిలబడకుండా ఎదురుగా రొట్టెపండు చెట్టు కిందికి పోయి, ఇటు వీపు పెట్టి నిలబడ్డాడు. నేనున్నానని. నేను వెనక వరసలో ఉన్నాను, సినిమా సగం చూడలేదు, వాడి వీపే చూశాను. తర్వాత ఎప్పుడూ అంతే, నాకు వాడి వీపు బాగా గుర్తు, ఎడమ భుజం కొంచెం కిందికి ఉంటుంది. రెండేళ్ల కింద ఇలైసానే ఇరవై ఒకటో పుట్టినరోజుకి ఆక్లండ్ వెళ్లాను. వాడి కూతురు, నేను మేనత్తని. అందరికంటే ఎత్తున నన్ను కూచోబెట్టారు, కేకుల్లో పైది నా ముందు పెట్టారు, పరిచిన బట్టల్లో మొదటిది నాకిచ్చారు. నాలుగువందల ఫోటోలు తీశాను. వెనక్కి వచ్చి చూసుకుంటే అన్న ఒక్కదాంట్లో కూడా లేడు. ఒకచోట తలుపు పక్కన మోచెయ్యి ఉంది, గడియారం బట్టి పోల్చాను.

కెమెరా వాడే పంపించాడు. నాలుగేళ్ల కింద ఓడలో వచ్చిన పీపాలో. మాంసం డబ్బాలు, సబ్బులు, ఫెలేతికి బూట్లు, వాటి మధ్య పాత తువ్వాలులో చుట్టి. చీటీ లేదు. ఇది ఎవరికని ఫాతై వదినని అడిగితే, "ఫోన్లో బడిపిల్లల ఫోటోలు తీస్తావట కదా, ఎవరో చెప్పారట. దుకాణంలో రెండు గంటలు నిలబడ్డాడు, నా కాళ్లు విరిగాయి," అంది. నేను థాంక్స్ చెప్పమన్నాను, ఆవిడ చెప్పే ఉంటుంది. ఆ తర్వాతి ఏడాది నేను ఫేస్‌బుక్‌లోకి వచ్చాను. మూడో తరగతి పిల్లలకి ఎక్కాలు చెప్పుకునేదాన్ని, నాకెందుకులే అనుకుంటూనే వచ్చాను. వచ్చిన వారానికి అన్న పేరు వెతికితే లేదు. నాకు బాధ వెయ్యలేదు. నిజం చెప్పాలంటే గర్వపడ్డాను. చూడు, మా అన్న ఎంత మర్యాద తెలిసినవాడో, మధ్యలో గోడ కట్టాడు, ఇక నేను తలుపు తెరిచి పెట్టుకోవచ్చు, అనుకున్నాను. పెదనాన్న కొడుకులు, పిన్ని కొడుకులే కాదు, మాలో మేనమామ కొడుకులు కూడా అన్నదమ్ములే, అందరూ అందులోనే ఉన్నారు. వాళ్లు నా ఫోటో వస్తే మొహం తిప్పుకుంటారు, లేదా తిప్పుకున్నట్టు నటిస్తారు. సితివేనికి నటించడం రాదు. ఈ మాట నాకు తెలుసు. తెలిసి కూడా గోడ అనుకున్నాను, ఎందుకంటే గోడ అనుకుంటే నాకు సౌకర్యం.

ఆ సౌకర్యంలో ఎన్ని పెట్టాను. సుత్తి పట్టుకున్న చేతులు, జిగురు అంటిన వేళ్లు, మధ్యాహ్నం దుంగకి ఆనుకుని నిద్రపోయిన ముఖాలు. కింద కామెంట్లు రాసేది ఆడవాళ్లే. మొగుళ్లు పడుకున్నాక రాస్తారు. ఇది మా పిన్ని చెయ్యి, ఆ ఉంగరం మా అమ్మమ్మది. పోయిన ఏడాది సిడ్నీ నుంచి ఒకామె, నాకు తెలియనామె, ఒక ఫోటో కింద, ఆ బొటనవేలి మీద మచ్చ మా అమ్మది, నా చిన్నప్పుడు నాకు కొబ్బరికాయ కొడుతుంటే తెగింది, పందొమ్మిదేళ్లయింది ఆ వేలు చూసి, అని రాసింది. కాగితాలు లేనిదట, వస్తే తిరిగి వెళ్లలేదట. ఆ ఫోటో తీసేటప్పుడు నేను మచ్చ చూడలేదు, వెలుతురు చూశాను. అప్పుడనిపించింది, ఈ పని నాదేనని. ఇప్పుడు ఇక్కడినుంచి లేచిపోతే ఆ ఆడవాళ్లు నన్ను ఎక్కడ వెతుక్కుంటారు? లేవకపోతే అన్న ఎక్కడ కూచుంటాడు? లిసియాటే ఒక్కడేనా, ఆ వయసువాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారు, ఒక్కొక్కరి వార్తా ఇక ఇలాగే బంకులో తెలియాలా?

పిల్లలు ఇన్‌స్టా అంటారు. అది చూశాను. మొదట్లో బాగుందనిపించింది, ముసలివాళ్లు లేరు, పాస్టరుగారు లేరు. కానీ అక్కడ ఫోటో నిలువుగా ఉండాలి. మా బట్ట అడ్డం, యాభై అడుగులు. ఒకసారి పెడితే అటు చివరా ఇటు చివరా కూచున్న ఇద్దరూ తెగిపోయారు, వారం రోజులు నాతో మాట్లాడలేదు. "మేమేం పాపం చేశాం, మధ్యలోవాళ్లు నీకు చుట్టాలా?" అని సంతలో అడిగింది ఒకామె, చామదుంపల కట్ట నా చేతిలో పెడుతూ. పైగా మేనమామ కొడుకుల కొడుకులు అందరూ అక్కడే, వాళ్ల పెళ్లాల ఫోన్లలో వాళ్లు. గది మారుతుంది గాని గదిలో మనుషులు మారరు. మూడోది ఉంది, ఫోటోలు తీసేవాళ్లంతా చేరే కెమెరా వాళ్ల చోటు. పోయిన క్రిస్మస్‌కి ఇలైసానే తెరిచి పెట్టింది, అత్తా నీలాంటివాళ్లు ఇక్కడుంటారు అని. పదకొండు ఫోటోలు పెట్టి వదిలేశాను. అక్కడ మా వాళ్లు ఒక్కరు లేరు. పేరు పలకలేని దేశం నుంచి ఒకాయన, మంచి వెలుతురు, అని రాశాడు. ఇంకొకాయన ఏ కెమెరా అని అడిగాడు. చేతులు ఎవరివని ఎవరూ అడగలేదు. శుభ్రంగా తుడిచిన ఖాళీ ఇల్లులా ఉంది. ఫోటో మాత్రం ఎంత పొడుగున్నా అంత పొడుగూ పడుతుంది, ఎవరి తలా తెగదు.

అక్కడికి వెళ్లిపోవచ్చు. వెళ్లడం కష్టం కాదు, వెళ్లినట్టు కనబడకూడదు, అదీ కష్టం. మా ఇళ్లలో ఆడపడుచు లేవదు. గదిలో చోటు చాలకపోతే లేచేది అన్న, బయట వానైనా ఎండైనా. నేను వాడికోసం లేచానని వాడికి తెలిస్తే, చెల్లెల్ని లేపి తాను కూచున్నవాడవుతాడు, ఆ కూచున్న చోట వాడికి ఒక్క పూట సుఖం ఉండదు. మళ్లీ మూసేస్తాడు, ఈసారి ఫాతై వదినకి కూడా చెప్పడు. అందుకని కారణం కావాలి. కారణం ఉంది కదా, తలలు తెగడం. కాస్త కూడా అబద్ధం లేదు. టెలేసియాకి అదే చెప్పొచ్చు, ఇదిగో ఇక్కడ బట్ట మొత్తం కనబడుతుంది, చివరివాళ్లకి కోపాలుండవు. ఆవిడ గొణుగుతుంది, కొత్తది ఎలా తెరవాలే, నా మనవరాలికి చెప్పు, అంటుంది. సిడ్నీ ఆమెకి విడిగా రాస్తాను. సగం మంది రారు. సగం కాదు, ఎక్కువమందే రారు. వంట చేసుకుంటూ బొటనవేలితో పైకి జరుపుకుంటూ పోయేవాళ్లు, నా కోసమని ఇంకో తలుపు తీస్తారా. రాకపోతే రారు. ఫెలేతి అటు తిరిగి పడుకున్నాడు. ఆదివారం చేపలు పట్టకూడదు, బట్టలు ఉతకకూడదు, ఫోటో పెట్టడం పనా కాదా, పాస్టరుగారు తన ప్రసంగాలు పెడుతూనే ఉన్నారు కదా, అనుకుంటూ లేచి పెరటివైపు మెట్టు మీద కూచుని ఇలైసానేకి ఫోన్ చేశాను. మేనత్త చెబితే ఆ పిల్ల కాదనకూడదు, ఆ హక్కు నేను ఇన్నాళ్లూ కేకులకే వాడాను.

"అత్తా! ఈ టైములో మేలుకున్నావా? బాగున్నావా?"

"బాగున్నాను. మీ నాన్న ఎక్కడ?"

"కారులో." సర్దుకుని, "రేడియో వింటున్నాడు," అంది.

"నువ్వొక పని చెయ్యాలి. నాన్నకి ఫేస్‌బుక్ మళ్లీ తెరిచి ఇవ్వు. మేనత్త చెప్పిందని చెప్పు. అత్త ఫోటోలన్నీ కెమెరా వాళ్ల చోటికి మార్చేసుకుంటోంది, ఇక్కడ తలలు తెగుతున్నాయట, అని చెప్పు."

"తలలు తెగుతున్నాయా?"

"ఇన్‌స్టాలో తెగాయి కదా."

"అది ఇన్‌స్టా అత్తా, ఫేస్‌బుక్‌లో తెగలేదు."

"నువ్వు చెప్పింది చెప్పు."

"సరే," అంది. మంచి పెంపకం, రెండోసారి అడగలేదు. తర్వాత కొంచెం ఇబ్బందిగా, "మరి శనివారాలు నేను ఆ కొత్తదాంట్లోంచి చెప్పాలా?" అంది.

"ఏం చెప్పడం?"

"నీ ఫోటోలు. నాన్నకి." ఆ పిల్ల గబగబా మొదలుపెట్టింది. "శనివారం పొద్దున నాన్న వంటింట్లో టీ తాగుతాడు. నేను హాల్లో కూచుని నీవి ఒక్కొక్కటీ చూసి చెప్తాను. ఫోన్ చూపించను అత్తా, ఒట్టు, మధ్యలో గోడ ఉంటుంది. ఇది పిల్లలది నాన్నా, బడి ముందు వరసగా నిలబడ్డారు, ఒకడికి చొక్కా గుండీ లేదు, అలా. ఆడవాళ్లవైతే, ఇది ఆడవాళ్లది నాన్నా, అని ఊరుకుంటాను. ఎంతమంది, అంటాడు. ఆరుగురు, అంటాను. బాగున్నారా, అంటాడు. నవ్వుతున్నారు, అంటాను. సరే తర్వాతది చెప్పు, అంటాడు."

"ఎప్పటినుంచి?"

"మొదటినుంచి. నువ్వు మొట్టమొదట పెట్టింది పంది, గుర్తుందా? పందిని పది నిమిషాలు చెప్పించుకున్నాడు. ఎవరి పంది, ఏ దడి, అని."

నాకు నవ్వొచ్చింది, నవ్వితే ఏడుపొస్తుందని దగ్గాను. ఆ పిల్ల అక్కడ తన బాధ చెప్పుకుంటోంది. "నీతో నాకు చచ్చే కష్టం అత్తా. నువ్వు కింద ఒక్క ముక్క రాయవు. అందరూ రాస్తారు, ఎక్కడ తీసింది, ఎప్పుడు తీసింది. నువ్వు ఫోటో పారేసి పోతావు. నాన్నేమో, వెలుతురు ఎటునుంచి పడుతోంది, అంటాడు. నాకెలా తెలుస్తుంది? ఎడమవైపు నుంచి అంటాను. ఎడమంటే సముద్రం వైపా కొండ వైపా, అంటాడు. నేను ఆ ఊరు వచ్చింది రెండేసార్లు, నా మొహం నాకేం తెలుసు?"

"రాస్తాను," అన్నాను.

"ఏంటీ?"

"ఇకనుంచి కింద రాస్తాను. నువ్వు ఉన్నదున్నట్టు చదివెయ్యి. నీ సొంతం కలపకు."

"అమ్మయ్య," అంది ఆ పిల్ల నిజంగానే. "అత్తా, మరి నాన్నకి అకౌంటు ఇవాళే తెరవనా? ఆదివారం కదా."

"ఇవాళే. కారు దగ్గరికి వెళ్లి చెప్పు. ముందు దగ్గు, తర్వాత వెళ్లు."

ఫోన్ పెట్టేసి ఫేస్‌బుక్‌లో నాలుగు వాక్యాలు రాశాను. బట్ట పొడుగు పెరుగుతోంది, దానికి తగిన చోటికి వెళుతున్నాను, దారి ఇదీ, వచ్చేవాళ్లు రండి. సిడ్నీ ఆమెకి విడిగా ఒకటి. ఇక్కడి నా పేజీ ఇంకో వారం ఉంచి మూసేస్తాను, ఈలోగా చూడనివాళ్లు కూడా చూస్తారు. అప్పుడే ఒకరు బొటనవేలు పెట్టారు, ఏం చదవకుండానే పెట్టి ఉంటారు. తర్వాత కెమెరా వాళ్ల చోటు తెరిచి శుక్రవారం ఫోటో ఎక్కించాను. గీత మెల్లగా నిండుతోంది, సగానికి వచ్చి ఆగింది, ఫోన్ని మెట్టు మీద పైకి పెట్టాను, కదిలింది. కింద ఖాళీ గడి, అందులో గీత ఒకటి వెలిగి ఆరుతోంది. నలభై ఏడేళ్లు వచ్చాయి, రోజూ నల్లబల్ల మీద రాస్తాను, వాక్యం తోచలేదు. ఇప్పటిదాకా వెలుతురు చూసుకున్నాను, మాట చూసుకోలేదు. ఈ మాటలు ముందు ఇలైసానే నోట్లోంచి రావాలి, తర్వాత గోడ దాటాలి, తర్వాత టీ కప్పు ముందు తల దించుకుని కూచున్న మనిషి చెవిలో పడాలి. టెలేసియా లుంగీ ఆ దారిన పోదు. ఆ మాట అసలే పోదు. ఆ ఫోటో అన్న కంట పడితే, చెల్లెలు అక్కడ నిలబడి అది విన్నదనీ, విని నవ్విందనీ తెలిసిపోతుంది, అందుకే కదా ఇంత ఆలోచన. మరి చెవిన పడేదాంట్లో ఏముండాలి. మొదటి గంట కొట్టారు. ఫెలేతి లేచి నడుము చాప దులుపుతున్నాడు, నీ చాప ఏదని నన్ను అడుగుతున్నాడు, వస్తున్నానన్నాను.

రాశాను. "శుక్రవారం సాయంత్రం, టెలేసియా వాళ్ల షెడ్డు. బట్ట పూర్తయింది, యాభై అడుగులు. వాన సముద్రం వైపు నుంచి వచ్చింది, వెలుతురు కూడా అటునుంచే. బట్ట తడవలేదు." మెల్లగా పైకి చదువుకున్నాను, పక్కగదిలోకి వినపడేంత గొంతుతో. బాగానే ఉంది, కానీ అన్న ఎంతమంది అని అడుగుతాడు, ఆ పిల్ల మళ్లీ లెక్కపెట్టుకోవాలి. అందుకని ఇంకో వాక్యం కలిపి, రెండోసారి చదవకుండా నొక్కేశాను.

"ఫోటోలో ఉన్నది ఏడుగురు. నవ్వింది ఎనిమిది మంది."